సరస్సు ఒడ్డున గుర్రాలతో మజిలీ: శాంటనోనీకి గుంపుగా వెళ్లడం ఎలా

న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన అడిరాండాక్ కొండల నడుమ న్యూకాంబ్ అని ఒక చిన్న ఊరు ఉంది. అక్కడ రూట్ 28ఎన్ పక్కన రాతి కమానుతో పాత గేట్ హౌస్ కనిపిస్తుంది. కార్లు అక్కడితో ఆగిపోవాలి. అక్కడి నుంచి అడవిలోకి 4.7 మైళ్లు, అంటే ఏడున్నర కిలోమీటర్లు, ఒక పాత బండి బాట. నడిచి వెళ్లొచ్చు, సైకిల్ మీద వెళ్లొచ్చు, గుర్రం మీద వెళ్లొచ్చు. బాట చివర న్యూకాంబ్ సరస్సు. దాని ఒడ్డున గ్రేట్ క్యాంప్ శాంటనోనీ అనే పెద్ద దుంగల విడిది.

ఆల్బనీ బ్యాంకరు రాబర్ట్ ప్రైన్ 1892–93లో దాన్ని కట్టించుకున్నాడు. దాదాపు 1,500 స్ప్రూస్ దుంగలు పట్టాయి. ఆ రోజుల్లో మనిషి వచ్చినా, మేకుల పెట్టె వచ్చినా ఆ బాట మీద గుర్రపు బండిలోనే రావాలి. అందుకే ఆ చోటికి గుర్రం మీద వెళ్తేనే అది ఎంత దూరమో, ఎంత కష్టపడి కట్టారో ఒంటికి తెలుస్తుందని నా నమ్మకం.

మా గుంపులో ఎనిమిది మందిమి. అందరం ఆల్బనీ దగ్గర ఒకే శాలలో గుర్రాలు పెట్టుకున్నవాళ్లం, ముగ్గురం తెలుగువాళ్లం. మనవాళ్ల పిల్లలు చాలామంది ఇక్కడ గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నారు. పెద్దవాళ్లు కూడా మొదలుపెడుతున్నారు. "మేమూ వెళ్లాలంటే ఏం చేయాలి?" అని అడిగిన వాళ్ల కోసం మొత్తం వరుసగా రాస్తున్నాను. ఒక్క విషయం ముందే చెప్పాలి. ఆ విడిదిలో పడుకోవడానికి వీల్లేదు. అది ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానిది, చూసి రావడానికే. మన బస సరస్సు చుట్టూ ఉన్న టెంటు స్థలాల్లో.

ముందు గుంపు కుదరాలి

ఆరుగురి నుంచి ఎనిమిది మంది సరిపోతారు. ఈ అడవుల్లో పది మంది, ఆపైన కలిసి టెంట్లు వేయాలంటే ఫారెస్ట్ రేంజర్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. ఒకే చోట మూడు రాత్రులు దాటి ఉండాలన్నా అంతే. తొమ్మిది లోపు ఉంటే మనకూ తేలిక, స్థలానికీ తేలిక.

అందరి గుర్రాలూ ఒకదానికొకటి తెలిసి ఉండాలి. తెలియకపోతే కనీసం రెండుసార్లు అందరూ కలిసి స్వారీ చేయండి. ఏది తన్నుతుంది, ఏది వెనకపడితే కంగారు పడుతుంది, ఏది ముందుండకపోతే ఊరుకోదు అన్నది అక్కడ తేలిపోతుంది. తన్నే అలవాటున్న గుర్రానికి తోకలో ఎర్ర రిబ్బన్ కట్టి చివర నడిపించండి. మొత్తం ప్రయాణం వేగం అన్నిటికన్నా భయస్తురాలైన గుర్రాన్ని బట్టి ఉండాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

బరువు కూడా చూసుకోండి. మనిషి, జీను, సంచులు అన్నీ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. 450 కిలోల గుర్రం మీద 90 కిలోలు. జీనే 15 కిలోలు ఉంటుంది కదా, అది కలిపి లెక్కేయండి. సొంత గుర్రం గానీ, ఏడాదిగా మీరు చూసుకుంటున్న గుర్రం గానీ లేకపోతే ఇప్పుడే రాత్రి బసకు దిగకండి. మొదట పగటిపూట వెళ్లి వచ్చేయండి, అదీ మంచి ప్రయాణమే.

ఎప్పుడు వెళ్లాలి

సెప్టెంబర్. మే మధ్య నుంచి జూన్ దాకా అడిరాండాక్‌లో నల్ల ఈగలు మనిషినీ గుర్రాన్నీ కుదురుగా ఉండనివ్వవు. జూలైలో జోరీగలు. వసంతంలో మంచు కరిగి నేల బురదగా ఉన్నప్పుడు గుర్రాల డెక్కలు బాటలను పాడుచేస్తాయి, అప్పుడు వెళ్లకపోవడం మర్యాద. సెప్టెంబర్ రెండో వారం దాటాక ఈగలు ఉండవు, ఆకులు రంగు మారుతుంటాయి, రాత్రి చలి ఉంటుంది గానీ భరించొచ్చు. అప్పటికి కొన్ని రకాల వేట మొదలవుతుంది కాబట్టి అందరూ నారింజ రంగు చొక్కా తొడుక్కోండి. అక్టోబర్ చివర్లో తుపాకులతో జింకల వేట మొదలయ్యాక మేం వెళ్లం.

రేంజర్‌తో మాట, చేతిలో కాగితాలు

నెల ముందే ఆ ప్రాంతపు ఫారెస్ట్ రేంజర్‌కు ఫోన్ చేయండి. ఎంతమంది, ఎన్ని గుర్రాలు, బండి ఉందా, ఎన్ని రాత్రులు, ఇవన్నీ చెప్పండి. సరస్సు దగ్గరి స్థలాలకు రుసుము లేదు, ముందు వచ్చినవాళ్లకు ముందు. కానీ వాటిలో గుర్రాలను కట్టడానికి ఏది పనికొస్తుంది, గుర్రాలతో ఎక్కడికి వెళ్లకూడదు అన్నది రేంజర్ నోటి వెంటే వినాలి. గుర్రాలను తెచ్చే ట్రెయిలర్లు గేటు దగ్గర ఎక్కడ ఆపాలో కూడా అప్పుడే అడగండి. ఈ ఒక్క ఫోన్‌తో సగం టెన్షన్ పోతుంది.

ప్రతి గుర్రానికీ కాగిన్స్ పరీక్ష కాగితం ఉండాలి. ఈగల ద్వారా గుర్రం నుంచి గుర్రానికి అంటుకునే, మందులేని ఒక రక్తహీనత జబ్బు లేదని చెప్పే రక్తపరీక్ష అది. ఏడాది లోపలిది అయి ఉండాలి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా లాంటి వేరే రాష్ట్రం నుంచి వస్తుంటే దానితోపాటు 30 రోజుల లోపు పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య పత్రం కూడా కావాలి. ఫోన్‌లో ఫొటో ఉంటే చాలదు, కాగితమే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. అక్కడ సిగ్నల్ మీద ఆధారపడలేం.

ఇంటి దగ్గర ఒక రాత్రి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే.

రోజంతా శాలలో తలుపు వేసి ఉండే గుర్రానికి, అడవిలో రెండు చెట్ల మధ్య తాడుకు కట్టి రాత్రంతా నిలబడటం కొత్త. అది ఎలా ఉంటుందో సరస్సు ఒడ్డున అర్ధరాత్రి తెలుసుకోకూడదు. బయల్దేరడానికి రెండు వారాల ముందు మీ శాల దగ్గరే ఆ తాడు కట్టండి. అన్ని గుర్రాలనూ కట్టండి. పక్కనే టెంట్లు వేసుకుని మీరూ పడుకోండి.

నేను ఇది నేర్చుకున్నది తప్పు చేసి. మొదటి ఏడాది ఇంటి దగ్గరి రాత్రికే నా గుర్రానికి లీడ్ రోప్, అంటే గుర్రాన్ని ఆ పెద్ద తాడుకు కట్టే చిన్న తాడు, ఒక మూర ఎక్కువ వదిలాను, కింద గడ్డి అందుకోవడానికి హాయిగా ఉంటుందని. రాత్రి రెండు దాటాక అది ముందుకాలు తాడు మీదుగా వేసి ఇరుక్కుంది. పెనుగులాటలో డెక్క పైన వెనకవైపు చర్మం ఒరుసుకుపోయింది. మానడానికి మూడు వారాలు పట్టింది, ఆ ఏడాది మేం వెళ్లలేదు. అది శాల పక్కన జరిగింది కాబట్టి లైటు వేసి, తాడు విప్పి, గంటలో వైద్యుడిని పిలిపించగలిగాం. ఏడున్నర కిలోమీటర్ల అడవి లోపల జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తాడు కట్టే పద్ధతి ఇది. లావుగా, ఆరోగ్యంగా ఉన్న చెట్లు రెండు చూసుకోండి. బెరడు కోసుకుపోకుండా చెట్టు చుట్టూ ముందు వెడల్పాటి పట్టీ వేసి, తాడును ఆ పట్టీలకు కట్టాలి. ఎత్తు ఏడడుగులు, గుర్రం తలెత్తినా దాని పైనే ఉండాలి. వేలాడకుండా బిగించండి. ఒక్కో గుర్రానికి మధ్య పది, పన్నెండు అడుగులు వదలండి. ముడి అటూ ఇటూ జారకుండా తాడుకు అడ్డు కొక్కేలు వస్తాయి, కొనుక్కోండి. లీడ్ రోప్ పొడవు ఎంతంటే, గుర్రం తల దించితే ముక్కు నేల దగ్గరికి రావాలి, తాడు మాత్రం నేలను తాకి వేలాడకూడదు. ముడి ఒక్క లాగుతో విడిపోయేదే వేయాలి. రాత్రికి కళ్లెం తీసేసి తలకు తొడిగే పట్టీ, అంటే హాల్టర్, మాత్రమే ఉంచండి. ఎవరి పక్కన ఎవరు నిలబడితే గొడవలేదో ఆ రాత్రే రాసిపెట్టుకోండి, అక్కడా అదే వరుసలో కట్టాలి.

ఆ రాత్రంతా నిద్రపోని గుర్రం ఉంటే దానికి ఇంకో రెండు రాత్రులు అలవాటు చేయండి. అప్పటికీ కుదురుకోకపోతే దాన్ని తీసుకురావద్దు. యజమాని బాధపడతారు, నిజమే. అయినా అంతే.

మేత లెక్క

కార్లు వెళ్లని చోటికి మేత ఎలా చేర్చాలన్నది అసలు చిక్కు. గుర్రం రోజుకు తన బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం మేత తింటుంది. 450 కిలోల గుర్రానికి తొమ్మిది కిలోలు వేసుకోండి. ఎనిమిది గుర్రాలకు రోజుకు 72 కిలోలు, రెండు రోజులకు 144. జీను సంచుల్లో ఇది పట్టదు. అడవిలో గడ్డి దొరుకుతుందిలే అనుకోకండి, ఆ చెట్ల నీడలో మేయడానికి ఏమీ ఉండదు.

మా గుంపులో ఒక జంటకు బండి తోలడం వచ్చు. వాళ్ల గుర్రపు బండి మీద మేత, టెంట్లు, వంట సామాను అన్నీ వెళ్తాయి. అలాంటి వాళ్లు మీకు లేకపోతే రెండు దారులున్నాయి. మీ గుర్రాల్లో ఒకటి రెండిటిని సామాను గుర్రాలుగా నడిపించుకుని వెళ్లి ఒక్క రాత్రే ఉండి రావడం ఒకటి. మొదటి రోజు పొద్దున్నే ఇద్దరు ఖాళీ జీన్లతో మేత మాత్రమే చేర్చి, వెనక్కి వచ్చి మిగతావాళ్లతో కలవడం ఇంకొకటి. రెండోది గుర్రాలకు రోజుకు మూడు విడతల నడక అవుతుంది కాబట్టి బాగా అలవాటున్న వాటితోనే.

ఎండుగడ్డి మోపుల కన్నా నొక్కి చేసిన గడ్డి దిమ్మలు తక్కువ చోటు పడతాయి, కలుపు గింజలను అడవిలోకి మోసుకెళ్లే బెడదా తక్కువ. కాకపోతే వాటిని నీళ్లలో నానబెట్టి పెట్టాలి. మేత ఒక్కసారిగా మారిస్తే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది. వారం, పది రోజుల ముందు నుంచే రోజుకు కొంచెం కొంచెంగా ఇంట్లో అలవాటు చేయండి.

నీళ్లు రోజుకు ఒక్కో గుర్రానికి 20 నుంచి 40 లీటర్లు. మడత పెట్టే గుడ్డ బకెట్లు గుర్రానికొకటి తెచ్చుకోండి. సరస్సు నుంచి మోసుకొచ్చి పట్టాలి. గుర్రాలను ఒడ్డుకు దింపితే గట్టు విరుగుతుంది, నీళ్లు మురికవుతాయి. కొన్ని గుర్రాలు కొత్త నీళ్లు ముట్టవు. వాటి కోసం ఇంటి దగ్గరే నాలుగు రోజులు నీళ్లలో కాస్త యాపిల్ రసం కలిపి అలవాటు చేస్తే, అక్కడా అదే రుచి అని తాగేస్తాయి.

దారిలో

ఆల్బనీ వైపు నుంచి వస్తే ఐ-87 హైవే మీద 29వ ఎగ్జిట్ దగ్గర దిగి, బ్లూ రిడ్జ్ రోడ్ పట్టుకుని పడమరకు రావాలి. ట్రెయిలర్‌తో నిదానంగా నడపండి. న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లు నాలుగు గంటలకోసారి ఆగి నీళ్లు చూపించాలి.

ఈ న్యూకాంబ్ ప్రాంతం గుర్రాలకు కొత్త కాదు. 1901 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున, ప్రెసిడెంట్ మెకిన్లీ చావుబతుకుల్లో ఉన్నాడని కబురు అందిన అప్పటి వైస్ ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ ఇక్కడి కొండల నుంచి నార్త్ క్రీక్ రైలు స్టేషన్ దాకా చీకట్లో గుర్రపు బండి మీద పరుగులు తీశాడు. దారిలో గుర్రాలను మార్చుకుంటూ వెళ్లాడు. మెకిన్లీ ఆ దారి మధ్యలో ఉండగానే పోయాడు. రూట్ 28ఎన్ పక్కన దానికి గుర్తుగా ఒక స్మారకం కూడా ఉంది.

గేటు దగ్గర దించాక గుర్రాలను వెంటనే ఎక్కకండి. పది నిమిషాలు చేత్తో నడిపించి, నీళ్లు పట్టి, డెక్కలు శుభ్రం చేసి, లాడాలు వదులయ్యాయేమో చూడండి. తర్వాత జీను వేయండి. చిన్నా పెద్దా అందరికీ హెల్మెట్.

బాట బండ్లకు వేసిన బాటే కాబట్టి కాలికి బాగుంటుంది. నడకతో గంటన్నర అనుకోండి. గుర్రానికీ గుర్రానికీ మధ్య ఒక గుర్రం పొడవు ఖాళీ ఉండాలి. మైలు లోపే పాత పొలం కనిపిస్తుంది. ప్రైన్ కుటుంబం ఇక్కడ ఆవులు, గొర్రెలు, కోళ్లు పెంచి పాలూ వెన్నా ఆల్బనీ ఇంటికి కూడా పంపేది. రాతితో కట్టిన పాలకేంద్రం ఇంకా ఉంది. పెద్ద కొట్టం మాత్రం 2004లో కాలిపోయింది.

నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు ఎదురవుతారు. మీరే ముందు పలకరించండి. వాళ్లు బదులిస్తే ఆ గొంతు విని, వీపున బస్తా వేసుకున్న ఆ వింత ఆకారం మనిషేనని గుర్రానికి అర్థమవుతుంది. సరస్సు దగ్గరపడ్డాక వంతెన వస్తుంది. డెక్కల చప్పుడు మారగానే కొన్ని గుర్రాలు బిగుసుకుంటాయి. భయం లేని గుర్రాన్ని ముందు దాటించి, మిగతావాళ్లు దిగి నడిపించుకుని రండి.

బస

గుర్రాల తాడు ముందు, టెంట్లు తర్వాత. సరస్సుకు, టెంట్లకు, బాటకు రెండు వందల అడుగులు ఎడంగా, నీళ్లు నిలవని గట్టి నేల చూసి, రేంజర్ చెప్పిన చోటే కట్టండి.

కట్టే ముందు తలెత్తి చెట్లు చూడండి. సెప్టెంబర్‌లో ఆ అడవికి అందం తెచ్చేది ఎర్ర మేపుల్. ఆ చెట్టు ఆకులు వాడినా, ఎండినా గుర్రాలకు విషం. కడుపులోకి వెళ్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. విసుగు పుట్టిన గుర్రం రాత్రంతా నేల మీద ఏది దొరికితే అది కొరుకుతుంది కదా. అందుకని మేపుల్ కింద గానీ, అడవి చెర్రీ కింద గానీ కట్టకండి. తాడు కింద రాలిన ఆకులుంటే చేత్తో ఎత్తి అవతల పోయండి. ఎదురుగా మేత ఎప్పుడూ కొంచెమైనా ఉంచండి.

రాత్రి కాపలా రెండు గంటలకొకరు చొప్పున. తలకు కట్టుకునే ఎర్ర లైటుతో ప్రతి గుర్రాన్నీ చూడాలి. తాడు సరిగ్గా ఉందా, లద్దె వేసిందా, నీళ్లు తాగిందా, ఒక చిన్న పుస్తకంలో గీత పెట్టండి. లద్దె వేయకుండా, ముందుకాలితో నేల గీరుతూ, పొట్ట వైపు తిరిగి తిరిగి చూస్తుంటే కడుపునొప్పి అనుకోవాలి. అప్పుడు మేత తీసేసి వైద్యుడికి కబురు చేయాలి. అతను మొదట అడిగేవి గుండె వేగం, ఒంటి వేడి. ఊరికే ఉన్న గుర్రానికి గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి, వేడి 99 నుంచి 101 ఫారెన్‌హీట్ ఉండాలి. థర్మామీటరు, స్టెతస్కోపు వాడటం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. ఫోన్ అందకపోతే ఏ గుర్రం మీద ఎవరు గేటు దాకా వెళ్లాలో చీకటి పడకముందే అనుకోండి. మేం ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం ఒకటి అద్దెకు తెచ్చుకుంటాం.

మన తిండి సంగతి. పులిహోర కలిపి తెచ్చుకుంటే మొదటి పూట గడుస్తుంది, తర్వాత అటుకుల ఉప్మా, కిచిడీ. అది నల్ల ఎలుగుబంట్లు తిరిగే అడవి. ఆవకాయ డబ్బా, కారప్పొడి, టూత్‌పేస్ట్, గుర్రాల దాణా, వాసన ఉన్నవి ఏవైనా ఎలుగు తెరవలేని డబ్బాల్లో పెట్టి టెంట్లకు దూరంగా ఉంచండి. ఇంటి నుంచి కట్టెలు తేవద్దు. శుద్ధి చేయని కట్టెలను యాభై మైళ్లు దాటించకూడదని రాష్ట్ర నియమం, వాటితో చెట్లను చంపే పురుగులు వస్తాయి.

విడిది చూడటం

రెండో రోజు పొద్దున వెళ్లండి, తీరిగ్గా. గుర్రాలను వసారా స్తంభాలకు కట్టకూడదు, ఆ గడ్డి మీద మేపకూడదు. సగం మంది కాస్త దూరంలో గుర్రాలతో ఉండి, సగం మంది లోపలికి వెళ్లి, తర్వాత మారండి.

విడి విడి దుంగల ఇళ్లు, అన్నిటినీ కలుపుతూ ఒకే పెద్ద కప్పు, ఒకే వసారా. ఆ ఆలోచన వెనక జపాన్ ఉంది. ప్రైన్ తండ్రి 1860లలో జపాన్‌లో అమెరికా రాయబారి, ఇతను కుర్రతనంలో అక్కడ ఆయనతో గడిపాడు. లోపల గోడలకు బర్చ్ చెట్టు బెరడు, జపాన్ చాపలు అతికించారు. ఆర్కిటెక్ట్ రాబర్ట్ హెచ్. రాబర్ట్‌సన్. వసారాలో నిలబడి చూస్తే ఎదురుగా నీళ్లు, అవతల అడవి, ఇంకేమీ లేదు. 1972లో రాష్ట్రం చేతికి వచ్చాక చాలా ఏళ్లు ఆ ఇల్లు పట్టించుకునేవాళ్లు లేక శిథిలమైంది. ఊరివాళ్లు, వారసత్వ కట్టడాల ప్రేమికులు పట్టుబట్టి నిలబెట్టారు. 2000లో దానికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా వచ్చింది. వేసవిలో అక్కడ పనిచేసే కుర్రాళ్లు ఓపిగ్గా అన్నీ చెప్తారు. మరమ్మతుల హుండీ కనిపిస్తే మీకు తోచింది వేయండి.

తిరుగు ప్రయాణం

ఆఖరి పొద్దున గంటన్నర పని ఉంటుంది. లద్దెను ఎత్తి, నీటికీ బాటకూ దూరంగా అడవిలో పల్చగా వెదజల్లండి. గుర్రాలు గీరిన గుంతలు పూడ్చి పైన ఆకులు కప్పండి. చెట్ల పట్టీలు విప్పి బెరడు చూడండి. బాట మీద పడిన లద్దెను కూడా వెనక వచ్చేవాళ్లు దిగి పక్కకు తోసేయాలి. గుర్రాలను అక్కడికి రానిస్తున్నారంటే ఇలా శుభ్రం చేసి వెళ్లేవాళ్ల వల్లే.

గేటు చేరాక జీను తీసి, చెమట ఆరేదాకా నడిపించి, నీళ్లు పట్టి, అప్పుడే ట్రెయిలర్ ఎక్కించండి. ఇంటికి వచ్చాక నాలుగు కాళ్లూ చేత్తో తడిమి వేడి గానీ వాపు గానీ ఉందేమో చూడండి. తోక మొదట్లో, గడ్డం కింద, తొడల మధ్య పిడుదులు వెతకండి, మీ ఒంటి మీద కూడా. మర్నాడు స్వారీ వద్దు, గుర్రాలను పచ్చిక మీదికి వదిలేయండి. తాళ్లు, పట్టీలు కడిగి నీడలో ఆరేసి, ఎక్కడైనా పోగులు లేచి ఉంటే ఆ తాడును అప్పుడే పక్కన పడేయండి.